వందన సమర్పణ తర్వాత

కాలనీ కమ్యూనిటీ హాలు వేదిక మీద ఏడు కుర్చీలు, తెల్లగుడ్డ పరిచిన బల్ల, ఏడు నీళ్ల సీసాలు, ఒక పళ్లెంలో శాలువాలు, ఇంకో పళ్లెంలో బంతిపూల దండలు. వెనక గోడకు నీలిరంగు బ్యానరు. దాని మీద 'ఐక్యరాజ్యసమితి దినోత్సవం' అని పెద్ద అక్షరాలు, 'దేశాల మధ్య సహకారం' అని చిన్న అక్షరాలు. ఎడమవైపు మన జెండా, కుడివైపు పోలండ్ జెండా. కింద ముందు వరుసల్లో కంపెనీ బడి పిల్లలు, తలా ఒక దేశం వేషంలో. చార్టు కాగితపు విసనకర్ర పట్టుకున్న పాప జపాన్. వాళ్ల వెనక, కంపెనీ బస్సుల్లో మూడు గంటలు ముందుగా రప్పించిన రెండో షిఫ్టు కార్మికులు. తలుపు దగ్గర సమోసా, లడ్డు, అరటిపండు పెట్టిన పొట్లాలు. మైకు పక్కన చేతిలో కాగితంతో నేను. ఆ రోజు సన్మానం జరగాల్సిన పోలండ్ నిపుణుడు వేదిక మీద మూడో కుర్చీలో ఉన్నాడు.

ఆయన ఫోను మాత్రం అక్కడ లేదు. అది గని ఆఫీసులో నా టేబులు సొరుగులో ఉంది.

ఈ మధ్య ట్రైనింగ్ సెంటర్లో మీ బ్యాచ్‌కు పాఠం చెప్పమంటే మంచిర్యాల నుంచి వచ్చాను. షీల్డుల గురించి, వాటి నూనె గొట్టాల గురించి రెండు గంటలు చెప్పి వెళ్లిపోయాను. చివర్లో మీలో ఒకరు, "సార్, ఈ ఉద్యోగంలో మీరు మర్చిపోలేని రోజు ఏది?" అని అడిగారు. యంత్రం మొదటిసారి నడిచిన రోజు అని అబద్ధం చెప్పాను. నాకూ మీకూ వయసులో నాలుగైదేళ్లే తేడా. పెద్దరికం చూపించడానికి రాయడం లేదు. క్లాసులో నోరు రాలేదు, అందుకని రాస్తున్నాను.

పొడవాటి బొగ్గు గోడను ఒక చివర నుంచి ఇంకో చివర దాకా కోసే యంత్రాన్ని గోదావరిఖనిలో మా గనిలో దించిన రోజులవి. అది కోస్తూ ముందుకు పోతుంటే పైకప్పు కూలకుండా మోసే ఇనుప ఆసరాలే షీల్డులు. అవి పోలండ్ నుంచి వచ్చాయి. వాటిని బిగించి మాకు నేర్పడానికి అక్కడి కంపెనీ ఒక మనిషిని పంపింది. యాభై దాటినవాడు, మోటు చేతులవాడు, ఇంగ్లీషు అంతంత మాత్రం. ఇంజినీరు కాదు. మొదట ఆయన కూడా గనికార్మికుడే, తన ఊరి గనిలో ఇరవై ఏళ్లు దిగినవాడు.

ఆయనకు జతగా మా ఫిట్టరు ఒకాయనను వేశారు. ఈ ఫిట్టరు తండ్రి కూడా ఇదే బొగ్గు బెల్టులో గనికార్మికుడే. ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునే మనిషి, మిగతా ఆరు రోజులూ నోటికి తాళం లేని మనిషి. మొదటి వారంలోనే పోలండ్ ఆయనను 'బావ' అని పిలవడం మొదలుపెట్టాడు. రెండో వారానికి గనిలో అందరికీ ఆయన పోలండ్ బావే. ఆయన కూడా ఫిట్టరును 'బావా' అనే పిలిచేవాడు. ఇద్దరికీ కలిసిన భాష ఏదీ లేదు. చేతులతో, స్పానర్లతో, తిట్లతో మాట్లాడుకునేవారు.

ఒకరోజు క్యాంటీన్లో పోలండ్ ఆయన తన డబ్బా తెరిచి ఫిట్టరుకు ఏదో పెట్టాడు.

"గిది ఊరగాయనా బావా?" అన్నాడు ఫిట్టరు నములుతూ. "దోసకాయ ఉప్పునీళ్లల్ల తానం చేసి వచ్చినట్టున్నది. ఇగో, నువ్వు గిది తిను." అంటూ తన టిఫిన్లోంచి మిరపకాయ తొక్కు తీసి పెట్టాడు.

ఆయన తిని, దగ్గి, కళ్లు తుడుచుకుని, నేర్చుకున్న రెండు మూడు తెలుగు మాటల్లో ఒకటి అన్నాడు. "మంచిగున్నది."

"అబద్ధం గూడ నేర్చిండు. ఇగ మనోడే," అన్నాడు ఫిట్టరు. క్యాంటీనంతా నవ్వింది.

వాళ్ల దేశంలో గనిలోకి దిగేటప్పుడు ఒకరికొకరు చెప్పుకునే మాట ఒకటుంది. దేవుడు చల్లగా చూడాలి అని దాని అర్థమట. పూర్తి మాట మా వాళ్ల నోరు తిరగలేదు. చివరి ముక్క మాత్రం పట్టుకున్నారు. లోపలికి దిగుతూ "బోజె" అంటే, పైకి వస్తున్నవాళ్లు "బోజె" అనేవాళ్లు. గని మూతి దగ్గరి మైసమ్మ గద్దెకు దండం పెట్టుకుని మరీ బోజె అనుకునేవాళ్లు.

ఆదివారాలు ఆయన భోజనం ఫిట్టరు క్వార్టర్లోనే. నేనూ ఒకసారి వెళ్లాను. అన్నాలయ్యాక వీడియో కాల్. ఇక్కడ ఫిట్టరు భార్య తన వంటిల్లు చూపిస్తే, అక్కడ పోలండ్ ఆయన భార్య తన వంటిల్లు చూపించింది. ఆ రోజు ఆయన తమ్ముడు కూడా తెర మీదికి వచ్చాడు. అన్న పనిచేసిన గనిలోనే తమ్ముడి ఉద్యోగం. అప్పుడే షిఫ్టు దిగి వచ్చినట్టున్నాడు, ఎంత కడిగినా పోని బొగ్గు కంటి రెప్పల చుట్టూ నల్లగా మెరుస్తోంది.

"అరే, గీడ మా పోరలకు గూడ గదే కాటుక!" అన్నాడు ఫిట్టరు. "దేశాలు వేరైనా బ్రాండు ఒక్కటే."

ఆ మాట ఫోనులో అనువాదమై వినిపించేసరికి తమ్ముడు పగలబడి నవ్వాడు. తల్లిదండ్రులు పోయాక ఆ తమ్ముణ్ణి పెంచింది అన్నేనని, ఇద్దరికీ పదేళ్ల తేడా అని ఆ రోజే తెలిసింది. పోలండ్ ఆయన అరచేతిని నడుము ఎత్తులో పెట్టి చూపించాడు, అప్పుడు వీడు ఇంతే ఉండేవాడు అని.

అక్టోబరులో హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. విదేశీ నిపుణులు పనిచేస్తున్న గనులన్నీ ఐక్యరాజ్యసమితి దినోత్సవం జరపాలి, వాళ్లను సన్మానించాలి, ఫోటోలు పంపాలి. మా పెద్ద సారు, అంటే మా విభాగం చీఫ్ ఇంజినీరు, నన్ను పిలిచాడు.

"నువ్వు లిస్టులు మంచిగ రాస్తవు. నువ్వే చూసుకో."

ఆ మాటకు పొంగిపోయాను. జ్యోతి ప్రజ్వలనతో మొదలై జాతీయ గీతంతో ముగిసే పద్నాలుగు అంశాల పట్టిక తయారు చేశాను. ఒక్కో అంశం పక్కన నిమిషాలు, ఎవరి బాధ్యత, ఏ వస్తువు కావాలి. పోలండ్ జెండాలో తెలుపు పైన ఉండాలి, ఎరుపు కింద ఉండాలి. తలకిందులైతే ఆ మనిషికి అవమానమని మూడుసార్లు వెళ్లి చూసుకున్నాను. ఆ మనిషి గౌరవం గురించి అంత జాగ్రత్త పడ్డాను.

భూగర్భ గనిలోకి ఫోను తీసుకెళ్లకూడదని మీకు తెలుసు. పోలండ్ ఆయన రోజూ పొద్దున తన ఫోను నా చేతిలో పెట్టి దిగేవాడు, పైకి వచ్చాక తీసుకునేవాడు. ఆ రోజు కూడా అలాగే ఫిట్టరుతో కలిసి మొదటి షిఫ్టులో దిగాడు. కార్యక్రమం కోసం పదకొండున్నరకల్లా ఇద్దరూ పైకి వచ్చి, స్నానం చేసి, నేరుగా హాలుకు రావాలని ఏర్పాటు.

నేను హాల్లో కుర్చీల వరుసలు సరిచేయిస్తుంటే నా ఫోను మోగింది. హైదరాబాద్‌లో వాళ్ల కంపెనీ పనులు చూసే ప్రతినిధి.

"సార్, వాళ్ల ఊరి గనిలో గ్యాసు అంటుకుంది. ముగ్గురు చనిపోయారు. మీ దగ్గరున్న ఆయన తమ్ముడు బాగా కాలిపోయాడు, హాస్పిటల్లో ఉన్నాడు. ఇప్పటికి మాట్లాడుతున్నాడట. ఇంకో గంటో రెండు గంటలో మత్తు ఇచ్చి గొంతులో గొట్టం వేస్తారట. ఆ లోపల అన్నతో మాట్లాడాలని అడుగుతున్నాడట. ఆయన ఫోను ఎవరూ ఎత్తడం లేదు. వెంటనే చేయించండి సార్."

చేయిస్తానని చెప్పాను. పెద్ద సారు హాలు మెట్ల మీద నిలబడి, ముఖ్య అతిథి కారు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కుంటున్నాడు.

"సార్, పోలండ్ నుంచి కబురొచ్చింది. వాళ్ల ఊరి గనిలో యాక్సిడెంట్ అయిందట. ఆయన తమ్ముడికి గాయాలైనయట."

"బతికే ఉన్నడు గద?"

"ఉన్నడు సార్. హాస్పిటల్ల ఉన్నడు."

"ఇంకేంది మరి. ప్రోగ్రాం అయినంక చెప్దాం. ఇప్పుడే చెప్తే ఆ మనిషి స్టేజీ ఎక్కుతడా? ముఖ్య అతిథి బసంత్‌నగర్ దాటిండట. గంట పని."

'గంటో రెండు గంటలో' అన్న మాట నేను పెద్ద సారుకు చెప్పలేదు. తమ్ముడు అన్నను అడుగుతున్నాడన్న మాటా చెప్పలేదు. చెప్తే ఏమనేవాడో నాకు తెలియదు. మంచి మాటే అనేవాడేమో. అనే అవకాశం నేనే ఇవ్వలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత నన్ను నేను చాలాసార్లు అడిగాను. దొరికిన జవాబు చాలా చిన్నది. చెప్తే నా పట్టిక పాడవుతుంది.

పట్టికలో వందన సమర్పణ, జాతీయ గీతం అయిపోయాక, కింద ఖాళీలో పెన్నుతో ఇంకో అంశం చేర్చాను: 'అతిథి చేత ఇంటికి ఫోన్.' పక్కన బాధ్యత గడిలో నా పేరు కూడా రాసుకున్నాను.

పోలండ్ ఆయన తెల్ల చొక్కా వేసుకుని, తడి తల దువ్వుకుని వచ్చాడు. నన్ను చూడగానే చెవి దగ్గర చెయ్యి పెట్టి ఫోను అని సైగ చేశాడు. నా కాగితం పైకెత్తి చూపించి, ప్రోగ్రాం తర్వాత అన్నాను. ఆయన కాగితం పొడవు చూసి నవ్వి, నా భుజం తట్టి, వేదిక ఎక్కాడు.

ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడు. జ్యోతి వెలిగించారు. పిల్లలు స్వాగత గీతం పాడారు. అంశం అయినప్పుడల్లా పక్కన గీత పెడుతూ పోయాను. ఆలస్యాన్ని సర్దడానికి ఏ అంశాన్నీ తగ్గించలేదు. ముఖ్య అతిథి మైకు ముందు నిలబడి, ప్రపంచంలో ఒక మూల మనిషికి కష్టం వస్తే ఇంకో మూల మనిషి లేచి నిలబడాలని, సహకారమంటే అదేనని అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

శాలువా కప్పే అంశం వచ్చింది. నిపుణుడికి శాలువా కప్పి, మెడలో దండ వేశారు. ఫోటోల కోసం రెండోసారి కూడా వేయించారు. ఆయన చేతులు జోడించి, వరుసల్లో ఫిట్టరు కోసం వెతికాడు. ఫిట్టరు తన చోట లేడు. ఫోను చెవికి పెట్టుకుని బయటికి వెళ్లడం నేను అంతకుముందే చూశాను.

ఆ ఫోను ఎవరు చేశారో తర్వాత తెలిసింది. భర్త ఫోను ఎత్తకపోయేసరికి పోలండ్ ఆయన భార్య ఫిట్టరు నంబరుకు వీడియో కాల్ చేసింది. ఆమె మాటలు ఇతనికి అర్థం కాలేదు. ఏడుపు అర్థమైంది. రాసి పంపమని సైగ చేశాడు. ఆమె రాసింది, ఫోను తెలుగు చేసింది.

ఫిట్టరు వరుసల మధ్య నుంచి నేరుగా వచ్చి వేదిక ఎక్కాడు. పెద్ద సారు "ఏయ్, ఏంది?" అంటున్నా వినకుండా పోలండ్ ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఫోను చూపించాడు. ఆయన చదివాడు. దండ తీశాడు. శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, కుర్చీలో పెట్టాడు. ఫిట్టరు ఫోనుతోనే మెట్ల మీదికి వెళ్లి మాట్లాడాడు. ఎక్కువసేపు కాదు. తమ్ముడికి అప్పటికే మత్తిచ్చేశారు.

ఫిట్టరు నా వైపు తిరిగాడు.

"సార్, నీకు ఎరుకేనా?"

తలూపాను.

"ఎప్పటిసంది ఎరుక?"

"పన్నెండుకు ముందు."

హాలు గోడ మీద గడియారం రెండు దాటింది. అతను దాన్ని చూశాడు, నా చేతిలో కాగితం చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. మైకు దగ్గరికి వెళ్లి రెండు ముక్కలు చెప్పాడు.

"అన్నలూ, బావ వాళ్ల బొగ్గుబాయిల గ్యాసు అంటుకున్నదట. ముగ్గురు పోయిండ్రు. తమ్ముడు కాలి దవాఖానల పడ్డడు. గంతే."

మా గనిలో ఒక పద్ధతి ఉంది. గనిలో మనిషి పోయాడని తెలిస్తే, ఆ కబురు అందిన షిఫ్టు లోపలికి దిగదు. పంపులు, ఫ్యాన్లు నడిపే వాళ్లు మాత్రం దిగుతారు, లేకపోతే గని మునిగిపోతుంది. ఎవరూ పిలుపు ఇవ్వరు, నినాదాలు ఉండవు. గని మూతి దగ్గర మైసమ్మ గద్దె చుట్టూ బూట్లు విప్పి కూర్చుంటారు. హాల్లో ముందు ఎవరు లేచారో నేను గమనించలేదు. అందరూ లేచారు. పొట్లాలు తలుపు దగ్గరే ఉండిపోయాయి. జపాన్ పాప విసనకర్ర మడిచి పక్కన పెట్టింది.

పోలండ్ ఆయననూ ఫిట్టరునూ జీపులో గని ఆఫీసుకు తీసుకెళ్లాను. సొరుగు తాళం తీశాను. ఫోను తెర నిండా తమ్ముడి ముఖమున్న చిన్న గుండ్రటి బొమ్మలు, ఒకదాని కింద ఒకటి, ఎత్తని కాల్స్. చివరిది పిల్లల స్వాగత గీతం సమయానిది. ఆయన చేతిలో ఫోను పెట్టాను. అలవాటుకొద్దీ ఆయన "థాంక్యూ" అన్నాడు.

ఆయనను హైదరాబాద్ విమానాశ్రయానికి తీసుకెళ్లే కారులో ఫిట్టరు కూడా ఎక్కాడు. "సార్, ఈయనకు తోవల అన్నం పెట్టియ్యాలె, నీళ్లు తాగియ్యాలె," అన్నాడు నా వైపు చూడకుండా. "అది నీ లిస్టుల ఉండదు."

తర్వాత సంగతులు త్వరగా చెప్తాను. తమ్ముడు మళ్లీ మాట్లాడలేదు. వారం లోపే పోయాడు. పోలండ్ ఆయన తిరిగి రాలేదు, ఆయన చోట ఇంకో కుర్రవాణ్ణి పంపారు. ఆ రోజు దిగని షిఫ్టుకు గైర్హాజరు వేశారు. యూనియన్ వాళ్లు తిరిగి తిరిగి దాన్ని సెలవుగా మార్పించారు. ఫిట్టరు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. క్యాంటీన్లో నేను కూర్చుంటే జోకులు ఆగిపోయేవి. పెద్ద సారు మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. ఆయన తనకు చెప్పినంత వరకే విన్నాడు. కార్యక్రమం నివేదిక నేనే రాశాను. దానికి జత చేసిన ఫోటోల్లో పోలండ్ ఆయన శాలువా కప్పుకుని నవ్వుతున్నాడు. హెడ్డాఫీసు నుంచి అభినందన వచ్చింది. అది నా సర్వీసు ఫైలులో ఇప్పటికీ ఉంది. తీయించాలంటే ఎవరిని అడగాలో తెలియదు.

పని నేర్చుకోమని, పట్టికలు రాయమని మీకు అందరూ చెప్తారు. నేనూ చెప్తాను. పట్టిక లేకుండా షీల్డు బిగించలేం. అయితే ఆ మధ్యాహ్నం జరిగింది ఇంకొంచెం మిగిలి ఉంది.

కారు వెళ్లాక గని మూతి దగ్గరికి వచ్చాను. షిఫ్టు వేళ అయింది. గద్దె చుట్టూ అందరూ కూర్చున్నారు. మైసమ్మ దగ్గర ఎవరో దీపం పెట్టారు, పక్కన ఇంకెవరో కొవ్వొత్తి వెలిగించారు. పెద్ద సారు వాళ్ల ముందు నిలబడి ఉన్నాడు.

"పోలండ్‌ల పోతే గోదావరిఖనిల బంద్ ఏందయ్యా? ఎక్కడన్న ఉన్నదా?"

ఒక పెద్ద వయసు కార్మికుడు కూర్చున్న చోటు నుంచే తలెత్తాడు.

"మొన్న పక్క బాయిల పోతే కూసున్నం గద సార్. అది పక్కది. ఇది జరంత దూరందాయె."

పెద్ద సారు నన్ను పక్కకు పిలిచాడు.

"నువ్వు దిగు. పంపులోళ్లు దిగి, ఒక ఆఫీసరు గూడ దిగిండంటే షిఫ్టు నడిచినట్టే. పైకి చెప్పుకోవచ్చు. జల్ది పో."

దిగనని అనొచ్చు. నా ఉద్యోగం పోదు. మహా అయితే నాలుగు చీవాట్లు. టోపీ పెట్టుకుని వాళ్ల మధ్య నుంచి నడిచాను. దారి ఇరుకు. కాళ్లు చాపుకున్న వాళ్లు నేను పోవడానికి ముడుచుకున్నారు. చివర కూర్చున్న ఒకతను, రోజూ లోపలికి దిగేవాళ్లకు చెప్పినట్టే, మామూలు గొంతుతో అన్నాడు.

"బోజె, సార్."

ఆగకుండా నడిచాను. ల్యాంపు రూము కిటికీలోంచి క్లర్కు నా తలదీపం ఇచ్చాడు. అందరి దీపాలూ గోడకు వరుసగా ఛార్జింగుకు వేలాడుతున్నాయి. షిఫ్టుకు ఎన్ని దీపాలు లోపలికి వెళ్లాయో రాసే పలక మీద పాత అంకె చెరిపి, సుద్దముక్కతో కొత్త అంకె వేశాడు.

తొమ్మిది. ఎనిమిది పంపులు, ఫ్యాన్ల వాళ్లవి. ఒకటి నాది.